గృహం – వీధి – గోపురం

తిరుమల కొండ మీద క్యూలో నిలుచున్న ఇద్దరు అపరిచితులు మాట కలుపుకొంటే పేరు కంటె ముందుగా పుట్టే ప్రశ్న ఒకటి కలదు. "తమది ఏ ఊరు?" ఈ ప్రశ్నకు సమాధానం వచ్చిన తరువాతనే వృత్తులు, బంధుత్వాలు, పంటలు, వానలు ప్రస్తావనకు వస్తాయి. మన పూజా సంకల్పం కూడ ఒక విధంగా ఈ ప్రశ్నకు చెప్పే సమాధానమే. భక్తుడు తన గోత్రనామాలు చెప్పుకొనడానికి ముందు తాను ఎక్కడ కూర్చున్నాడో చెప్పుకొంటాడు. ఏ ఖండంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ, ఏ గృహంలో తాను ఈ పూజ చేయుచున్నాడో భగవంతునికి విన్నవిస్తాడు. సర్వజ్ఞుడైన స్వామికి ఈ చిరునామా తెలియక కాదు. మానవుడు తన నెలవును తాను మరువకుండుటకే పెద్దలు ఈ ఏర్పాటు చేసినారు.

శ్రీకాకుళం జిల్లాలో పలాసకూ నౌపడాకూ నడుమ హౌరా–చెన్నై రైలు మార్గం మీద పూండి అనే ఊరు ఉన్నది. ఉత్తరాన మహేంద్రగిరి, తూర్పున సముద్రం, ఒక ప్రక్క మహేంద్రతనయ, మరియొక ప్రక్క వంశధార. సంకల్పం చెప్పుకొనడానికి ఇంతకు మించిన నెలవు ఏమి కావలెను? కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ తీరాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటయే ఉద్దానమయినదని పెద్దల మాట. అయితే ఈ గ్రామాల నుండి చదువు కోసం, వైద్యం కోసం, జీడి పరిశ్రమలలో పని కోసం పలాస–కాశీబుగ్గ జంట పట్టణానికి చేరిన కుటుంబాలు అనేకం. రైలు నిలయం చుట్టూ పలాస, జాతీయ రహదారి వెంట కాశీబుగ్గ పెరిగి ఒకటయినవి. వాటి శివార్లలో నిన్నటి వరి మడులు నేడు లేఅవుట్లు. అక్కడ కాపురమున్న గృహస్థును "మీది ఏ ఊరు?" అని అడిగితే అతడు క్షణకాలం ఆగి, తాను విడిచి వచ్చిన ఊరి పేరు చెప్పుతాడు. తాను ఉన్నచోటికి అతని వద్ద ఉన్నది ప్లాటు నంబరు మాత్రమే.

ఊరు విడిచిన మానవుడు తిరిగి ఒక ఊరివాడు కావడం ఎట్లు? ఇల్లు కట్టుకొన్నంత మాత్రాన అది సాధ్యమా? కట్టడానికి ఆ శక్తి ఉన్నదా? ఇది కేవలం తాపీ మేస్త్రీకీ, ఇంజనీరుకూ సంబంధించిన ప్రశ్న కాదు. ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఒక ఆక్షేపణను పరిశీలించవలసి ఉన్నది. వైష్ణవునికి "నా ఊరు, నా ఇల్లు" అన్న అభిమానం తగునా? అహంకార మమకారాలను విడువుమని కదా శాస్త్రం చెప్పుతున్నది? దేహమే అద్దె ఇల్లు అయినప్పుడు ఇటుకల ఇంటికి ముఖమెందుకు, పేరెందుకు?

ఈ ఆక్షేపణకు సమాధానం అర్చావతార తత్త్వంలోనే ఉన్నది. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని భగవంతుని స్వరూపాలు ఐదు విధాలు. వీటిలో అర్చారూపం అత్యంత సులభమైనదని ఆచార్యులు ఉపదేశించినారు. సర్వవ్యాపి అయిన నారాయణుడు ఒక కొండను, ఒక కోనేటిని, ఒక వీధిని తనదిగా చేసికొని, ఆ ఊరి పేరును తన పేరుగా ధరించినాడు. తిరుమలలో ఆయన కొండలరాయుడు. సింహాచలంలో అప్పన్న. శ్రీకూర్మంలో కూర్మనాథుడు. స్వరూపం ఒకటే అయినా రూపాలు వేరు, అలంకారాలు వేరు, నైవేద్యాలు వేరు. ఒక క్షేత్రం మరియొక క్షేత్రం వలె లేకపోవుట లోపం కాదు. అది స్వామి సౌలభ్యానికి నిదర్శనం. స్థలాన్ని స్వామియే అంగీకరించినప్పుడు స్థలంపై ప్రేమ దోషం ఎట్లగును? దోషం "నాది" అనుటలో ఉన్నది. "మనది" అనుటలో ఆ దోషం సన్నగిల్లుతుంది. "స్వామిది, మనం కావలివారం" అనుటలో పూర్తిగా తొలగుతుంది. ఒక ఊరి నిర్మాణం మంచిదా కాదా అని తేల్చుటకు ఇదే గీటురాయి. ఆ నిర్మాణం మానవుని "నాది" నుండి "మనది" వైపు నడిపించుచున్నదా, లేక "మనది" నుండి "నాది" వైపు నెట్టుచున్నదా?

మన ప్రాచీన శిల్పశాస్త్రాలు ఈ విషయాన్ని ఎరిగి ఉన్నవి. అవి ఒంటరి ఇంటితో ప్రారంభించలేదు. గ్రామంతో ప్రారంభించినవి. మానసారం దండకం, సర్వతోభద్రం, నంద్యావర్తం, పద్మకం, స్వస్తికం, ప్రస్తరం, కార్ముకం, చతుర్ముఖం అని ఎనిమిది విధాల గ్రామాలను వర్ణించినది. వీథులు ఎట్లు నడువవలెను, దేవాలయం ఎక్కడ ఉండవలెను, చెరువు ఎక్కడ ఉండవలెను అని నిర్ణయించిన తరువాతనే గృహం మాట. ఊరికి ఒక ఆకృతి ఉన్నది, ఆ ఆకృతికి ఒక పేరు ఉన్నది. నేటి లేఅవుటుకు ఆకృతి కొలతబద్దతో వస్తుంది. పేరు అమ్మకం కోసం వస్తుంది.

ఉద్దానం గ్రామాల పాత వీధులను చూచినవారికి దండక గ్రామం జ్ఞాపకం రాక మానదు. కర్ర వలె సూటిగా సాగిన ఒక వీధి. దానికి రెండు ప్రక్కల గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరుసలు. ముందు వీధరుగు, దాని వెనుక వసారా, గదులు, వంటిల్లు, పెరడు. ఇంటి వెడల్పు కొద్ది, పొడవు ఎక్కువ. వరుసగా ఉన్న అరుగులు కలిసిపోయి ఊరంతటికీ ఒకే అరుగు వలె కనిపిస్తాయి. వైష్ణవ గోష్ఠిలో భాగవతులు రెండు పంక్తులుగా ఎదురెదురుగా కూర్చుండుట మన పాఠకులకు తెలిసినదే. ఈ వీధులలో ఇళ్లే గోష్ఠి కూర్చున్నట్లుంటాయి. ఎవరూ వెనుక లేరు, ఎవరూ ముందుకు జరిగి కూర్చొనలేదు.

ఆ అరుగు ఎవరిది? దస్తావేజు చూచిన ఇంటి యజమానిది. ఆచారం చూచిన వీధిది. బాటసారి దానిపై కూర్చుండుటకు అనుమతి అడుగనక్కర లేదు. ముసలివారు పగలంతా దానిపై గడుపుతారు. పిల్లలకు అదే ఆటస్థలం. పెండ్లివారికి అదే పందిరి మొదలు. కొబ్బరి పీచు ఒలిచేది, వల అల్లేది, తగవు తీర్చేది అక్కడనే. యజమాని తన స్థలంలో ఒక భాగాన్ని దానపత్రం వ్రాయకుండానే ఊరికి దానం చేసినాడు. అతిథి పూజను గృహస్థధర్మంగా విధించిన సంస్కృతిలో అరుగు ఆ ధర్మానికి మట్టితో చేసిన రూపం. ఇంటి ముందు అరుగు తీసివేసి ఎత్తైన ప్రహరీ గోడ పెట్టి దానిపై గాజుపెంకులు గ్రుచ్చిన నాడు స్థలం పోలేదు, ఇల్లు చిన్నది కాలేదు. కాని వీధికి ఇచ్చిన మాట వెనుకకు తీసికొనబడినది.

ఉత్తరాంధ్ర తీరంలో మరియొక రకం ఇల్లు కలదు. అది చుట్టిల్లు. వలయాకారపు మట్టి గోడ, దానిపై శంకువు వలె తాటాకు కప్పు. చూరు నడుము ఎత్తుకు దిగి ఉంటుంది. సముద్రం మీద నుండి వచ్చే గాలికి ఎదురు నిలువక, దానిని చుట్టూ తప్పించి పంపే నేర్పు ఆ ఆకారంలో ఉన్నది. ఎంతటివాడైనా తల వంచి లోపలికి ప్రవేశించవలెను. గాలికి ఎదురు తిరుగని ఇల్లు, తల ఎత్తనీయని గుమ్మం. ఇట్టి ఇంటిని ఏ స్థపతియు గీయలేదు. ఆ నేలయే దానిని గీచినది. అందుచేతనే దూరం నుండి చూచినా అది ఏ సీమ ఇల్లో చెప్పవచ్చును.

వీధి మొదట గాని మధ్యను గాని రామమందిరం. ఇది మహాక్షేత్రం కాదు, గోపురం లేదు. నాలుగు స్తంభాల వసారా, లోపల సీతాలక్ష్మణ సమేతుడైన శ్రీరాముడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున, శ్రీరామనవమి నాడు, శనివారం సాయంకాలం అక్కడ భజన. ఊరి సభ అక్కడనే. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి చేరేది కూడ అటువంటి గట్టి కట్టడానికే. దేవుని ఇల్లూ ఊరి ఇల్లూ ఒకటే అయినప్పుడు ఊరికి "మనది" అన్న మాట నేర్పనక్కర లేదు.

ఇక్కడ రెండవ ఆక్షేపణ వస్తుంది. ఇది మొదటి దానికంటె బలమైనది. మట్టి గోడలనూ తాటాకు కప్పునూ పొగడుట సులభం. వాటి క్రింద తుపాను రాత్రి గడుపుట సులభం కాదు. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువన తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో పలాస సమీపంలోనే తీరం దాటినది. ఉద్దానం తోటలు నేల కూలినవి. తండ్రులు నాటిన కొబ్బరిచెట్లు కొడుకుల కన్నుల ముందే ఒరిగినవి. కప్పులు ఎగిరిపోయినవి. ఆ ఉదయం చూచిన కుటుంబం సిమెంటు స్లాబు కోరుకొంటే దానిని సంస్కృతి లోపమని ఎవరు అనగలరు? బిడ్డల తలపై నిలిచే కప్పు వేయుట గృహస్థుని ప్రథమ ధర్మం.

ఈ ఆక్షేపణను పూర్తిగా అంగీకరించవలెను. అంగీకరించిన తరువాత ఒక సూక్ష్మాన్ని గమనించవలెను. తుపాను కప్పును తీసికొనిపోయినది గాని అరుగును తీసికొనిపోలేదు. అరుగు మన చేతులతోనే పోయినది. స్లాబు వేసిన ఇంటికి అరుగు ఉండవచ్చును. సిమెంటు ఇళ్ల వీధికి చివర రామమందిరం ఉండవచ్చును. నాలుగు అడుగులు లోపలికి జరిగి కట్టి ఒక వేపచెట్టుకు చోటు విడువవచ్చును. ఊరి ముఖం పదార్థంలో లేదు. ఇంటికీ వీధికీ, వీధికీ గుడికీ గల సంబంధంలో ఉన్నది. మట్టి పోయి సిమెంటు వచ్చుట కాలధర్మం. వీధికి వీపు త్రిప్పి కట్టుట కాలధర్మం కాదు, అది మన నిర్ణయం.

ఈ తీరవాసులకు ఈ విచారం ఇతరులకంటె అవసరమనుటకు కారణం కలదు. ఉద్యానమన్న అర్థం గల ఆ పేరు నేడు బయటి ప్రపంచానికి రెండు కష్టాల ద్వారానే పరిచయమైనది. ఒకటి తుపాను. రెండవది కారణం నిశ్చయంగా తేలని మూత్రపిండాల వ్యాధి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ వైద్య పరిశోధన కేంద్రం, వంశధార జలాలను గ్రామాలకు తెచ్చే రక్షిత మంచినీటి పథకం ప్రారంభమయినవి. అవి అవసరమైనవి, ఆదరణీయమైనవి. కాని ఒక జనసమూహం తన వ్యాధి పేరుతో పరిచయం చేయబడుట ఒక బాధ. తమపై వచ్చి పడినదానితో గాక, తాము కలిసి నిలిపినదానితో తెలియబడవలెనని ఏ ఊరైనా కోరుకొంటుంది. ఆ కోరికకు కట్టడం ఒక సమాధానం. చుట్టపు చూపుగా వచ్చినవానికి "ఇదిగో, ఇది మా ఊరు" అని చేయి చాపి చూపుటకు ఏదో ఒకటి ఉండవలెను.

శివారు కాలనీల ఈ సమస్య మనది మాత్రమే కాదు. అమెరికాలో 1947 నుండి కొద్ది సంవత్సరాలలోనే న్యూయార్కు నగర శివార్లలో లెవిట్‌టౌన్ అనే చోట 17 వేలకు పైగా ఇళ్లు ఇంచుమించు ఒకే అచ్చులో నిర్మించబడినవి. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల కుటుంబాలకు అవి నీడనిచ్చినవి. అది గొప్ప ఉపకారమే. కాని కాపురమున్నవారు క్రమక్రమంగా తమ తమ ఇళ్లను మార్చుకొని, గదులు పెంచుకొని, ఆ అచ్చును చెరిపివేసికొన్నారు. ఒకే అచ్చులో ఉండుట వేరు, ఒకటిగా ఉండుట వేరు అని అక్కడి గృహస్థులే తమ చేతలతో చెప్పినారు.

అదే దేశంలో పిట్స్‌బర్గు నగర శివారైన పెన్‌హిల్స్‌లో 1970ల దశకంలో దక్షిణ భారత కుటుంబాలు శ్రీ వేంకటేశ్వరాలయాన్ని నిర్మించుకొన్నవి. తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారం దానికి లభించినది. అంతవరకు ఆ వైద్యులు, ఇంజనీర్లు వేరువేరు వీథులలో, వేరువేరు ఇళ్లలో ఉన్నారు. ఒకరి పండుగ మరియొకరికి తెలియదు. కొండ వాలున తెల్లని గోపురం లేచిన తరువాత వారికి "మన ఊరు" అనుటకు ఒక కేంద్రం ఏర్పడినది. ఇతర రాష్ట్రాల తెలుగువారు కూడ పిట్స్‌బర్గు వేంకటేశ్వరుని దర్శించి వత్తుమని బయలుదేరుట ఆచారమయినది. ఉక్కు కర్మాగారాలకు ప్రసిద్ధి చెందిన ఊరు తెలుగువారి నోట స్వామి పేరుతో జతపడినది. ఆ నేలకు సంబంధం లేని శిల్పం అక్కడ ఎట్లు వేరూనినది? శిల్పం బలం వలన మాత్రమే కాదు. దానిని పలువురు కలిసి నిలిపినారు, కలిసి ఊడ్చినారు, కలిసి వండినారు. అందువలన.

కట్టడానికి గల ఈ ఆకర్షణశక్తి ఎంత బాధ్యతతో కూడినదో పలాస ప్రాంతం ఇటీవలనే కన్నీళ్లతో తెలిసికొన్నది. కాశీబుగ్గలో తిరుమల ఆలయాన్ని తలపించునట్లు నిర్మించబడిన శ్రీ వేంకటేశ్వరాలయానికి 2025 నవంబరు 1వ తేదీన, కార్తిక ఏకాదశియు శనివారమును కలిసి వచ్చిన దినాన, భక్తులు పోటెత్తినారు. మెట్ల వద్ద తొక్కిసలాటలో 9 మంది మరణించినారు. వారిలో అధికులు స్త్రీలు. తిరుమల దూరమైనవారికి స్వామి దగ్గరకు వచ్చినాడన్న సంతోషంతో వెళ్లినవారు వారు. ఆ భక్తిలో ఏ లోపమును లేదు. ఇక్కడ దోషులను నిర్ణయించుట ఈ వ్యాసం పని కాదు. ఆలయాలు కట్టే, కట్టించే, చందాలు ఇచ్చే ప్రతి ఒక్కరూ ఆలోచించవలసిన విషయం మాత్రం ఒకటి కలదు. గోపురం జనాన్ని పిలుస్తుంది. పిలిచిన జనాన్ని సురక్షితంగా లోపలికి తీసికొని, సురక్షితంగా బయటికి పంపవలసినది ద్వారాలు, మెట్లు, ప్రాకారాలు, వీధులు. ఆగమశాస్త్రం ఆలయాన్ని పురుషదేహంతో పోల్చినది. శిరస్సును మాత్రమే అనుకరించి పాదాలను మరచిన దేహం నిలువదు.

తిరుమల మాడ వీధులను, శ్రీరంగపు సప్తప్రాకారాలను చూచినప్పుడు మనం ఎత్తును చూచి ఆశ్చర్యపడతాం. వెడల్పును గమనించం. రథం నడిచే వీధికి కొలత ఇంటి యజమాని కోరికను బట్టి గాక, స్వామి రథాన్ని బట్టియు, దానిని లాగే జనాన్ని బట్టియు ఏర్పడుతుంది. ఊరేగింపు సాగవలసిన త్రోవలోనికి ఎవరూ తమ గోడను జరుపరాదు. సంవత్సరానికి ఒక్క దినం నడిచే రథం, మిగిలిన దినాలన్నిటిలోనూ వీధిని కాపాడుతుంది. నగరపాలనా నిబంధనలు చేయవలసిన పనిని అక్కడ భక్తి చేసినది.

అనుకరణ విషయంలో కూడ మన పెద్దల మార్గం గమనింపదగినది. పూండికి ఎంతో దూరం లేని మందసలో వాసుదేవ పెరుమాళ్ ఆలయం కళింగ శిల్పరీతిలో ఉన్నది. శ్రీమన్నారాయణ చిన్నజీయరు స్వామివారి పూనికతో దానికి జీర్ణోద్ధరణ జరిగినది. ద్రావిడ వేదం చదివే గోష్ఠికి కళింగ విమానం అడ్డు రాలేదు. శ్రీకూర్మంలో స్వామి పశ్చిమాభిముఖుడు. అక్కడ ధ్వజస్తంభాలు రెండు. శ్రీరామానుజుల వారు ఆ క్షేత్రాన్ని దర్శించినారని సంప్రదాయం. అయినా దానిని మరియొక శ్రీరంగంగా మార్చవలెనని ఎవరును తలంచలేదు. టెక్కలి సమీపాన రావివలసలో శివలింగానికి పైకప్పే లేదు. ఎండలో నిలిచినందున ఆయన ఎండల మల్లికార్జునుడయినాడు. కప్పు లేకపోవుటయే ఆ ఊరి గుర్తుగా నిలిచినది. శిఖరం ఎత్తయినది కానక్కర లేదు, మరియొకదాని ప్రతిబింబం కానక్కర లేదు. తన నేలకు, తన జనానికి సత్యమైనదైతే చాలును.

అయితే శివారులో ఇల్లు కట్టుకొను సామాన్య గృహస్థు చేయగలిగినదేమి? లేఅవుటు అతడు గీయలేదు, వీధి అతడు కొలువలేదు. అయినా కొన్ని అతని చేతిలోనే ఉన్నవి. తన ప్రహరీని ఒక అడుగు లోపలికి జరిపి వీధి వైపు చిన్న అరుగు కట్టవచ్చును. గుమ్మం ముందు ముగ్గుకు, తులసికోటకు, ఒక చెట్టుకు చోటు ఉంచవచ్చును. వీధివారందరు కలిసి, ఉమ్మడి అవసరాలకు విడిచిన స్థలం అన్యాక్రాంతం కాకుండ కాపాడి, అక్కడ ఒక భజనమందిరం నిలుపవచ్చును. అది చిన్నదైనా దానికి రెండు ద్వారాలు ఉండవలెను, నీరు ఉండవలెను, వృద్ధులు ఎక్కగల మెట్లు ఉండవలెను, తుపాను నాడు ఇరుగుపొరుగును దాచగల గట్టి కప్పు ఉండవలెను. కులం అడుగక కూర్చొననిచ్చే వసారా ఉండవలెను. దానికి ఆ నేల పూర్వనామాన్ని, ఆ చెరువు పేరునో ఆ తోట పేరునో, నిలిపిన యెడల ప్లాటు నంబరుకు ఒక ఊరు లభిస్తుంది.

వీటిలో దేనికీ అధిక ధనం అక్కర లేదు. అక్కరయినది, తనదైన దానిలో కొంత విడుచుట. విడిచిన ఆ అడుగు నేల దస్తావేజులో తగ్గదు, విలువలో పెరుగుతుంది. శరణాగతి అనగా సర్వమును స్వామిదిగా భావించుట. సర్వమును సమర్పించుట ఒక్కనాటితో అలవడేది కాదు. అది అభ్యాసంతో వస్తుంది. ఆ అభ్యాసం ఒక అరుగుతో ప్రారంభం కావచ్చును. గృహం వీధికి కొంత ఇచ్చి, వీధి గుడికి దారి ఇచ్చి, గుడి వచ్చినవారందరికీ నీడ ఇచ్చిన చోట మానవుడు ప్రవాసి కాడు. ఆ చోటున నిలిచి "మాది ఈ ఊరు" అని అతడు సంకల్పం చెప్పుకొనగలడు.